కాళ్లు అందని బండిని ఎట్ల ఆపాలె?

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసినం.)



పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తులు విన్నరు. నాకు ఇచ్చిన అంశం వేరే. ఇంట్ల ఉన్న మోటార్ సైకిల్ మన ఎత్తుకు పెద్దగ ఉంటే, కాళ్లు నేలకు అందకపోతే, దాన్ని ఎట్ల నడపాలె, ఎట్ల ఆపాలె అని చెప్పమన్నరు. కొందరు అక్కలు నవ్వుతున్నరు. నవ్వుండ్రి, గని చివరిదాకా వినుండ్రి. ఇది కూడా మన జీవనోపాధి ముచ్చటే.

మనకు బండి ఎందుకు?

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మనకు బస్సు ఫ్రీ అయింది. మంచిగైంది. సిద్దిపేటకు పోవుడు, దుబ్బాకకు పోవుడు ఇప్పుడు ఖర్చు లేని పని. కాని బస్సు బస్టాండు నుంచి బస్టాండు దాకే వస్తది. బాయి కాడికి రాదు. పాల కేంద్రానికి పొద్దున 6 గంటలకు రాదు. ఒడ్ల కొనుగోలు సెంటర్ల రాత్రి దాకా కాంటా అయినంక మనలను ఇంటికాడ దింపదు. మన సంఘాలే ఆ సెంటర్లు నడుపుతున్నయి, ఆ రాత్రి ప్రయాణం ఎట్లుంటదో మీకు నేను చెప్పే పని లేదు.

అదే సమయంల మన ఇంటి ముందట బండి ఉంటది. పెనిమిటి దుబాయి పోయిండు, బండి చెట్టు కింద కవరు కప్పుకొని ఉన్నది. లేదా ఆయన హైదరాబాదుల పనికి పోయిండు, పండుగకే వస్తడు. బండి ఉన్నది, పెట్రోలు పోయించే పైసలు ఉన్నయి, పోవలసిన పని ఉన్నది. ఎందుకు నడుపుతలేవు అని అడిగితే పదిమందిల ఎనిమిది మంది ఒక్కటే మాట చెప్తరు: “నాకు కాళ్లు అందయి.”

ఇగ అప్పుడు ఏం చేస్తం? తొమ్మిదో తరగతి కొడుకును పిలుస్తం. “బిడ్డా, జెర బ్యాంకు కాడ దింపు” అంటం. వాని వెనుక కూర్చుంటం. ఒక్కసారి ఆలోచించుండ్రి. వాని కాళ్లు కూడా అందుతలేవు. మనకు 35 ఏండ్ల తెలివి ఉన్నది, వానికి 14 ఏండ్ల తొందర ఉన్నది. అయినా భయం లేకుండ వాని వెనుక కూర్చుంటున్నం.

చట్టం ముచ్చట కూడా వినుండ్రి. మోటారు వాహనాల చట్టంల 2019ల 199ఎ అనే సెక్షన్ పెట్టిండ్రు. 18 ఏండ్లు నిండని పిల్లలు బండి నడిపి దొరికితే తప్పు తల్లిదండ్రులదీ, బండి ఓనరుదీ అయితది. 3 ఏండ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లగానికి 25 ఏండ్లు వచ్చేదాకా లైసెన్సు ఇయ్యరు. మనం 4 కిలోమీటర్లు పోవుటానికి వాని ఏడేండ్ల లైసెన్సు పోగొట్టొద్దు. అందుకే అంటున్న, ఆ హ్యాండిలు మనమే పట్టుకుందం.

ముందు టేపు పట్టి కొలువుండ్రి

“బండి ఎత్తున్నది” అని ఊకే అనుకుంటే భయం పెరుగుతది. ఎంత ఎత్తు, మనం ఎంత తక్కువ అని లెక్క తీస్తే భయం ఒక సైజుకు వస్తది.

మన ఊర్లల్ల ఎక్కువ కనబడేది స్ప్లెండర్. దాని సీటు ఎత్తు కంపెనీ లెక్క ప్రకారం 785 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర 31 అంగుళాలు. హెచ్ఎఫ్ డీలక్స్ 805 మిల్లీమీటర్లు, ఇంకో ముప్పావు అంగుళం ఎక్కువ. షైన్ 791. ఇగ టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 చిన్న బండి అనుకుంటం కదా, దాని సీటు కూడా 787. ఎత్తుల స్ప్లెండర్‌కు ఏం తీసిపోదు. కాని అది 90 కిలోల లోపే ఉంటది, సీటు సన్నగ ఉంటది, ముందట ట్యాంకు అడ్డం లేదు కాబట్టి కాలు దాటిచ్చుడు అల్కగ అయితది. అందుకే అది మనకు చిన్నగ అనిపిస్తది. దీన్నిబట్టి ఏం తెలిసింది? ఎత్తు ఒక్కటే కాదు, సీటు వెడల్పు, బరువు కూడా లెక్కనే.

ఇప్పుడు మన లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంల ఆడోళ్ల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉన్నది. అంటే 5 అడుగులు. గోడకు ఆనుకొని నిలబడి, రెండు కాళ్ల నడుమ ఒక నోట్‌బుక్కు పైకి ఆనించి పట్టుకొని, అక్కడి నుంచి నేల దాకా టేపు పెట్టుండ్రి. 5 అడుగుల మనిషికి దాదాపు 27 అంగుళాలు వస్తది.

31ల 27 పోతే 4 అంగుళాలు తక్కువ. ఇగ ఈ 4 అంగుళాలు ఎట్ల పూడుతయో చూడుండ్రి. మనం కూర్చోంగనే షాకబ్జర్లు దిగి బండి ఒక అంగుళం దాకా కిందికి వస్తది. మందం అడుగున్న బూట్లు తొడిగితే ఇంకో అంగుళం. మిగిలినయి 2 అంగుళాలు. సీటు మీద నడుమును ఎడమ దిక్కు జరుపుకుంటే ఎడమ కాలికి ఆ 2 అంగుళాలు దొరుకుతయి. సీటు వెడల్పు కొంత తిని పెడతది, దానికి మడిమె జెర లేపితే సరిపోతది.

రెండు కాళ్లు ఒక్కసారి అందయి. నిజమే. కాని బండిని నిలబెట్టనీకి రెండు కాళ్లు అవసరం లేదు. ఒక్క కాలు గట్టిగ ఆనితే చాలు. రెండు కాళ్ల మునివేళ్ల మీద గుంజుకపోయి నిలబడుడు కంటె, ఒక కాలు పాదం సగం గట్టిగ ఆనిచ్చి నిలబడుడే పదిలం. ఈ ఒక్క మాట మనసుల పెట్టుకొని పోతే కూడా నేను వచ్చిన పని అయినట్టే.

బండిని ఎంత దించొచ్చు, ఎంత దించొద్దు

మెకానిక్ కాడికి పోతే రకరకాలుగ చెప్తరు. ఏది చేయించాలె, ఏది వద్దు అని మనకే తెల్వాలె.

మొదటిది, వెనుక షాకబ్జర్లు. స్ప్లెండర్ అసొంటి బండ్లకు వెనుక 5 మెట్ల అడ్జస్ట్‌మెంట్ ఉంటది. మెత్తటి మెట్టుకు పెట్టిస్తే మనం కూర్చున్నప్పుడు బండి ఇంకొంచెం దిగుతది. నిమిషాల పని. కాని ఇద్దరు కూర్చున్నా, పాల క్యాన్లు కట్టినా మళ్ల గట్టి మెట్టుకు పెట్టాలె. లేకపోతే గుంతల అడుగు తాకుతది.

రెండోది, సీటు. సీటు కుట్టే ఆయన ఫోమ్ ఒక అంగుళం, అంగుళంన్నర దాకా తీస్తడు. మొత్తం తీయించే పని లేదు. ముందట తొడలు ఆనే కాడ రెండు అంచులు సన్నగ కోయిస్తే కాలు సీదా కిందికి దిగుతది. మరీ ఎక్కువ తీపిస్తే అడుగు రేకు తగిలి నడుము పోతది. వీలైతే పాత సీటు ఒకటి కొని దానికి చేయించుండ్రి. అసలు సీటు అట్లనే ఉంటది, ఇంట్ల మగోళ్లకు కూడా గులుగుడు ఉండదు.

మూడోది, బ్రేకు, క్లచ్ లీవర్లు. కాళ్లు అందని మనిషికి చేతులు కూడా చిన్నగనే ఉంటయి. లీవర్లు మన వేళ్లకు అందే కోణంల తిప్పమని, క్లచ్ వైరు మెత్తగ చేయమని అడుగుండ్రి. క్లచ్ గట్టిగ ఉంటే చెయ్యి నొస్తది, చెయ్యి నొస్తే జారుతది, జారితే బండి దుంకుతది.

చేయొద్దని చెప్పేటియి కూడా ఉన్నయి. టైర్ల గాలి తీసి ఎత్తు తగ్గించొద్దు, బండి పట్టు తప్పుతది. పొట్టి షాకబ్జర్లు వేయించొద్దు. బండి దిగితది గని సైడ్ స్టాండ్ పొడుగు అట్లనే ఉంటది కదా, అప్పుడు బండి నిటారుగ నిలబడి కుడి దిక్కుకు ఒరిగిపోతది. ఆ స్టాండు కోసి అతుకు పెట్టించుడు ఇంకో గండం. అంతేగాక, కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చొద్దని చట్టంల 52వ సెక్షన్ ఉన్నది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోళ్లు దాన్నే పట్టుకుంటరు.

ఆగుడే అసలు విద్య

నడుస్తున్న బండికి మన కాళ్లతోని పని లేదు. 20 స్పీడుల పోతున్నప్పుడు 4 అడుగుల 10 అంగుళాల మనిషి, 6 అడుగుల మనిషి ఒక్కటే. తేడా వచ్చేది ఆగేటప్పుడు, మలుపుకునేటప్పుడు, కదిలేటప్పుడు. అందుకే మనం నడుపుడు కంటె ముందు ఆపుడు నేర్చుకోవాలె.

ఆగుట్ల ఒక వరుస ఉన్నది. ఎడమ కాలు గేరుది, కుడి కాలు బ్రేకుది. ఎడమ కాలు నేల మీద పెట్టినంక గేరు మార్చాల్నంటే కాలు మార్చాలె. కాళ్లు అందని మనిషి పడేది ఈ కాలు మార్చేటప్పుడే. కాబట్టి బండి కదులుతుండంగనే ఒక్కొక్క గేరు తగ్గించుకుంట ఫస్టుకు రావాలె. క్లచ్ పూర్తిగ పట్టాలె. కుడి కాలు వెనుక బ్రేకు మీదనే ఉండాలె. నడుమును ఎడమకు జరుపుకోవాలె. బండి ఆగే ఆఖరి గడియల ఎడమ కాలు దించాలె. హ్యాండిలు మాత్రం సీదాగ ఉండాలె. హ్యాండిలు మలిపి ముందు బ్రేకు గట్టిగ పడితే బండి ఆ దిక్కే కూలబడతది.

మళ్ల కదిలేటప్పుడు ఫస్టు గేరుల్నే ఉన్నం కాబట్టి క్లచ్ మెల్లగ వదిలితే చాలు. కాలు మార్చే పనే రాదు. రైల్వే గేటు కాడనో, గొర్ల మంద అడ్డం వచ్చిన కాడనో ఎక్కువసేపు ఆగాల్సి వస్తే, న్యూట్రల్ చేసి, ఇంజన్ బంద్ చేసి, దిగి నిలబడుండ్రి. దిగుట్ల నామోషీ ఏం లేదు.

ఎక్కడ ఆగాలె అన్నది ఎట్ల ఆగాలె అన్నంత ముఖ్యం. రోడ్డు నడుమ ఎత్తుగ, అంచులకు వాలుగ పోస్తరు, వాన నీళ్లు పోవాలని. మనం ఎడమ అంచుకు ఆగుతం, అక్కడ ఎడమ కాలి కింద నేల ఇంకా కిందికి ఉంటది. మన కాలు నేల కోసం వెతుకుతది, దొరకదు. తారు అంచు దిగి మట్టిలకు పోతే ఇంకా లోతు. అందుకే సమానంగ ఉన్న జాగ చూసుకోవాలె. అరుగు, మోరి మీది బండ, సీసీ రోడ్డు అంచు ఏదన్న ఎడమ దిక్కు దొరికితే దాని మీద కాలు పెట్టుండ్రి. 4 అంగుళాల అరుగు దొరికితే మన లెక్క మొత్తం పూడిపోయినట్టే. కంకర మీద, ఇసుక మీద, పేడ మీద కాలు పెట్టొద్దు. రోడ్డు మీద ఒడ్లు, మక్కలు ఆరబోసే కాలంల మరీ జాగ్రత్త. ఒడ్ల మీద చక్రమూ నిలవదు, కాలూ నిలవదు.

మా గ్రామ సంఘంల ఒక చెల్లె ఉన్నది. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. పెనిమిటి పరదేశం పోయినంక ఆయన స్ప్లెండర్ మీదనే పాలు పోసి వస్తది, పిల్లను బడి కాడ దింపుతది, నెలకు రెండుసార్లు బ్యాంకుకు వస్తది. ఆమె ఒక పని చేసింది. ఇంటి నుంచి తిరిగి ఇంటి దాకా తాను ఆగే జాగలు లెక్కపెట్టింది. తొమ్మిది. ఆ తొమ్మిది కాడికి ముందుగాల నడుచుకుంట పోయి, ఎడమ కాలు ఎక్కడ పడాలె అని చూసుకున్నది. పాల కేంద్రం కాడ సిమెంటు గద్దె. బడి కాడ గేటు పక్క మెట్టు. బ్యాంకు కాడ జాగ వాలుగ ఉన్నది, కాబట్టి అక్కడ ఆగదు, 50 అడుగుల అవతల చెట్టు కింద ఆపి నడిచి వస్తది. ఆమెను చూసి నేర్చుకున్నోళ్లు ఇప్పుడు మా ఊర్ల ఇంకో నలుగురు ఉన్నరు. బండి ఎత్తు తగ్గలేదు, ఆమె ఎత్తు పెరగలేదు. తొవ్వ ఆమెకు తెలిసింది.

ఎక్కుడు, దిగుడు, మలుపుకునుడు

ఎక్కేటప్పుడు బండి సైడ్ స్టాండ్ మీదనే ఉండాలె. ఎడమ దిక్కు నిలబడి, రెండు చేతులతోని హ్యాండిలు పట్టి, ముందు బ్రేకు పట్టి, కుడి కాలు సీటు మీదికెళ్లి దాటించాలె. కూర్చున్నంక బండిని నిటారు చేసి, స్టాండు తీసి, ఒక్కసారి వంగి చూసుకోవాలె. స్టాండు తీయక పోతే ఎడమ మలుపుల అది నేలకు తట్టి పడేస్తది. దిగేటప్పుడు ఉల్టా: ముందు స్టాండు వెయ్యాలె, బండిని దాని మీద ఆనియ్యాలె, తర్వాత దిగాలె.

సీటు మీద కూర్చొని మునివేళ్లతోని బండిని వెనుకకు నూకొద్దు. దిగుండ్రి. ఎడమ దిక్కు నిలబడి, బండిని జెర మన దిక్కు వాల్చుకొని, తుంటికి ఆనించుకొని నూకుండ్రి. ఇంకా మంచి ఉపాయం ఏందంటే, ఆపేటప్పుడే మళ్ల బయలెల్లే దిక్కుకు మొహం పెట్టి ఆపుడు. గోడ దిక్కు మొహం పెట్టి పల్లంల ఆపితే వెనుకకు గుంజుడు మన వల్ల కాదు.

డబల్ స్టాండ్ చేతులతోని ఎత్తేది కాదు. స్టాండు రెండు కాళ్లు నేలకు ఆనేటట్టు కుడి కాలుతోని నొక్కి, మన ఒంటి బరువు మొత్తం ఆ కాలు మీద వేసి నిలబడితే బండి తానే ఎక్కుతది. చేతులు పట్టుకునేందుకే. పాల క్యాన్లు దించేటప్పుడు తప్పకుండ డబల్ స్టాండ్ వేయుండ్రి. ఒక దిక్కు క్యాను తీయంగనే ఇంకో దిక్కుది గుంజుతది.

వెనుక కూర్చునేటోళ్లకు కూడా చెప్పాలె. మనం కాలు ఆనిచ్చి, బ్రేకు పట్టి, “ఎక్కు” అన్నంకనే ఎక్కాలె. ఆగకముందే దుంకొద్దు. 4 ఏండ్ల లోపు పిల్లలకు మనిషికి కట్టుకునే బెల్టు, చిన్న హెల్మెట్ ఉండాలని, 40 స్పీడు దాటొద్దని నియమం ఉన్నది.

బట్టల సంగతి. గేరు బండి మీద రెండు దిక్కుల కాళ్లు వేసి కూర్చోవాలె, కాబట్టి పంజాబీ డ్రెస్సు నయం. చున్నీ వెనుకకు ముడివేయాలె, గాలికి వదలొద్దు. చీరనే కడతం అనేటోళ్లు లోపల ప్యాంటు వేసుకొని, నాట్లప్పుడు ఎగదోపుకున్నట్టు దోపుకోవచ్చు. పొలంల తప్పుగాని కట్టు రోడ్డు మీద ఎట్ల తప్పయితది? వెనుక చక్రానికి సగమన్న కప్పేటట్టు గార్డు ఉండాలని మోటారు వాహనాల నియమాల్లోనే రాసి ఉన్నది. కొందరు పోరగాండ్లు స్టైలుకు దాన్ని తీసేస్తరు. తీసేసిన బండి అయితే ముందుగాల అది పెట్టించుండ్రి.

పడితే ఏం చేయాలె

పడొద్దనే ఇదంతా. అయినా బండి ఎప్పుడో ఒకసారి ఒరుగుతది. స్ప్లెండర్ బరువు 112 కిలోలు. మన సెంటర్ల కాంటా పెట్టే ఒడ్ల బస్తా 40 కిలోలు. అంటే దాదాపు 3 బస్తాలు. నీళ్ల బిందె తల మీద నిటారుగ ఉంటే బరువు తెల్వది, ఒరిగిందంటే మెడ పట్టదు. బండి కూడా అంతే. కొంచెం ఒరిగినప్పుడు తుంటితోని ఆపొచ్చు. ఒక హద్దు దాటినంక ఆపాలని చూడొద్దు, వదిలిపెట్టి పక్కకు జరుగుండ్రి. బండి గీతలు పదో పరకో పెట్టి బాగు చేయించొచ్చు. విరిగిన కాలు ఒక కారు పని మొత్తం పోగొడతది.

లేపేటప్పుడు ముందు తాళం చెవి తిప్పి ఇంజన్ బంద్ చేయుండ్రి. పెట్రోలు కారుతుందేమో చూడుండ్రి. కుడి దిక్కు పడితే సైడ్ స్టాండ్ ముందే తీసి పెట్టుండ్రి, లేపినంక అవతలికి పడకుండ ఆగుతది. గేరుల ఉంటే చక్రం ఉరకదు. తర్వాత బండికి వీపు పెట్టి, సీటుకు పిర్రలు ఆనించి, గొంతు కూర్చొని, ఒక చేత హ్యాండిలు, ఒక చేత వెనుక కడ్డీ పట్టుకొని, కాళ్ల బలంతోని చిన్న చిన్న అడుగులు వెనుకకు వెయ్యాలె. నడుము వంచి ముందుకెళ్లి గుంజితే నడుము పట్టేస్తది. కుడి దిక్కు సైలెన్సర్ కాలుతది, యాదిల పెట్టుకోవాలె. కడుపుతోని ఉన్నోళ్లు, ఆపరేషన్ అయినోళ్లు అసలు లేపొద్దు. రోడ్డు మీద పోయేటోళ్లను పిలువుండ్రి.

నేర్చుకునే వరుస

మొదటి రెండు రోజులు ఇంజన్ మొదలు పెట్టనే వద్దు. బండిని పక్కన నడిపించుండ్రి, స్టాండు వేసుడు తీసుడు చేయుండ్రి, ఎక్కి దిగుండ్రి. పక్కన ఒకరు పట్టుకొని ఉండాలె. మూడో రోజు ఖాళీ కల్లంల, లేదా ఆదివారం నాడు బడి గ్రౌండుల, ఫస్టు గేరుల క్లచ్ వదిలి పది అడుగులు పోవుడు, ఆగుడు. మళ్ల పది అడుగులు, మళ్ల ఆగుడు. ఇట్ల వంద సార్లు ఆగినంకనే సెకండ్ గేరు. మలుపులు ఆఖరుకు. ఇరుకు రోడ్డు మీద యూ టర్న్ కొట్టొద్దు, ఇంకో ఫర్లాంగు పోయి వెడల్పు జాగల మలుపుకోవాలె.

రోడ్డెక్కే ముందు కాగితాలు. 18 ఏండ్లు నిండాలె, చట్టంల ఎత్తుకు హద్దు ఏం లేదు. ముందు లెర్నింగ్ లైసెన్సు తీసుకోవాలె, అది 6 నెలలు నడుస్తది. 30 రోజుల తర్వాత అసలు లైసెన్సు టెస్టుకు పోవచ్చు. అంతదాకా ముందట, వెనుక ‘ఎల్’ బోర్డు ఉండాలె, వెనుక లైసెన్సు ఉన్న మనిషే కూర్చోవాలె. స్కూటీ లైసెన్సుతోని గేరు బండి నడపరాదు, అవి వేరువేరు. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనుండ్రి, కింద పట్టీ పెట్టుకోవాలె. వెనుక కూర్చున్నోళ్లకు కూడా ఉండాలె.

ఇంకో మాట చెప్పాలె, ఇది మా విధవ అక్కచెల్లెళ్ల కోసం. ఇంటాయన చనిపోతే బండి ఆయన పేరు మీదనే ఉండిపోతది. ఏండ్లకేండ్లు అట్లనే నడుపుతరు, లేకపోతే మరిది తీసుకపోతడు. నియమం ఏందంటే, మనిషి పోయిన 30 రోజుల లోపు రవాణా ఆఫీసుకు తెలిపి, ఈ బండి నేను వాడుకుంట అని రాసియ్యాలె. 3 నెలల లోపు ఫారం 31తోని ఆర్సీ మన పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలె. డెత్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ దగ్గర ఉంచుకోవాలె. ఆ దుఃఖంల ఈ కాగితాలు ఎవరికీ యాదికి రావు. అందుకే ఆ ఇంటికి పోయిన సంఘం లీడరే యాది చేయాలె.

మనకంటె ముందు నడిచినోళ్లు

తమిళనాడుల పుదుక్కోట్టై అని ఒక జిల్లా ఉన్నది. 1990ల మొదట్ల అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. షీలా రాణి చుంకత్ అనే మేడమ్ కలెక్టరు. చదువుతోని పాటు ఆడోళ్లకు సైకిలు నేర్పించుడు పెట్టుకున్నరు. వేల మంది కూలి ఆడోళ్లు, రాళ్లు కొట్టేటోళ్లు, అంగన్‌వాడీ టీచర్లు నేర్చుకున్నరు. పాత్రికేయుడు పి. సాయినాథ్ గారు దాని గురించి రాసిండ్రు. ఆడోళ్ల సైకిళ్లు దొరకకపోతే వాళ్లు ఆగలేదు, ఎత్తు మగోళ్ల సైకిళ్ల మీదనే నేర్చుకున్నరు. కొందరైతే అదే కావాలన్నరట, నడుమ కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని! మనకు అడ్డం అనుకున్న కడ్డీ వాళ్లకు సీటు అయింది. ఆ పని చూసి యునిసెఫ్ సంస్థ అక్కడి కార్యకర్తలకు 50 మోపెడ్లు ఇచ్చింది.

దూరం ఎందుకు, మన హైదరాబాదు జై భారతి గారు 2018ల ఇంకో ముగ్గురు ఆడోళ్లను కలుపుకొని, మోటార్ సైకిళ్ల మీద ఆరు దేశాలు, 17 వేల కిలోమీటర్లు తిరిగి వచ్చింది. తర్వాత ఆడోళ్లకు బండ్లు, ఆటోలు నేర్పించే సంస్థ పెట్టింది. మనం అన్ని దేశాలు పోయేది లేదు. పాల కేంద్రం దాకా పోయి తిరిగి రావాలె.

సమాఖ్యను అడిగేది

కొందరు అక్కలు అంటరు, “ఇంత కష్టం ఎందుకు, స్కూటీకి లోన్ ఇయ్యరాదు?” అని. స్కూటీ వద్దని నేను అనను. రోజూ 20 కిలోమీటర్లు తిరిగే పని ఉన్నోళ్లకు, ఆ పనిల కిస్తీ వెల్లే ఆమ్దానీ ఉన్నోళ్లకు అది సరైన అప్పే. కాని ఇంటి ముందట ఒక బండి ఊకే ఉండంగ, నేర్చుకోకముందే ఇంకో బండికి అప్పు చేస్తే, ఆ బండి కూడా కొడుకే నడుపుతడు, కిస్తీ మాత్రం మనం కడతం. ముందు విద్య, తర్వాత అప్పు. ఉన్న బండి మీద నేర్చుకున్న మనిషికి ఏ బండి కొన్నా భయం ఉండదు.

అందుకే మూడు పనులు అడుగుతున్న. ఒకటి, నెలకు ఒక ఆదివారం ప్రతి గ్రామ సంఘం ఊరి గ్రౌండుల బండి నేర్పుడు పెట్టాలె, నేర్చుకున్నోళ్లు నేర్వనోళ్లకు నేర్పాలె. రెండు, సంఘం పేరు మీద రెండు హెల్మెట్లు ఉంచాలె, నేర్చుకునేటోళ్లకు అవే ఇయ్యాలె. మూడు, లెర్నింగ్ లైసెన్సు దరఖాస్తులు ఒక్కొక్కరు తిరగకుండ పది మందివి కలిపి చేయించేటట్టు వివోఏలు సాయం పట్టాలె. వీటికి పెద్ద ఫండు అవసరం లేదు, ఒక తీర్మానం చాలు.

రేపు మీ మీద ఎవరన్న నవ్వొచ్చు. 25 ఏండ్ల కింద మన అమ్మలు పొదుపు డబ్బా పట్టుకొని మీటింగుకు పోతే కూడా నవ్విండ్రు. ఇయ్యాల అదే ఇండ్ల మగోళ్లు మన సంఘం లోన్ కోసం మన సంతకం అడుగుతున్నరు.

ఇంటికి పోయినంక ముందు టేపు తీయుండ్రి. సీటు ఎత్తు కొలువుండ్రి, మీ కాలు కొలువుండ్రి. ఎన్ని అంగుళాలు తక్కువ వచ్చిందో మీ సంఘం పుస్తకంల రాసుకొని వచ్చే నెల మీటింగుకు రాండ్రి. అక్కడి నుంచి పని మొదలు పెడదం.